స్పామ్‌లో వెతుక్కోమనడం జవాబు కాదు

గోదావరి జిల్లాల్లో కొత్త ఈమెయిల్ చిరునామాలకు మారిన సహకార పట్టణ బ్యాంకుల, జిల్లా కేంద్ర సహకార బ్యాంకుల, గ్రామీణ బ్యాంకు చైర్మన్లకు, పాలకవర్గ సభ్యులకు, ఐటీ విభాగాల బాధ్యులకు...





"మెయిల్ రాలేదండీ" అని ఖాతాదారు అడిగితే కౌంటర్లో ఇప్పుడు తయారుగా ఉన్న జవాబు ఒకటే: "స్పామ్‌లో పడి ఉంటుంది, చూసుకోండి." స్టేట్‌మెంట్ అందకపోయినా అదే జవాబు. డిపాజిట్ గడువు తీరిన కబురు తెలియకపోయినా అదే. వడ్డీ మీద కోసిన పన్ను కాగితం చేరకపోయినా అదే. ఆ మాట చెబుతున్న గుమాస్తాను తప్పు పట్టడానికి లేదు. పైవాళ్లు చెప్పమన్నదే ఆయన చెబుతున్నాడు. అందుకే ఈ లేఖ పైవాళ్లకి.

ముందే ఒక మాట. ఇందులో ఫలానా బ్యాంకు తప్పు చేసిందన్న ఆరోపణ లేదు. కింద కనిపించే బ్యాంకుల పేర్లు చరిత్ర చెప్పడానికే. అభ్యంతరమల్లా ఆ జవాబు వెనకున్న ధోరణి మీద. చిరునామా మార్చేశాం, గడువులోగా పని ముగించాం, ఇక అందడం అందకపోవడం ఖాతాదారు అదృష్టం అనుకునే ధోరణి అది.

మెయిల్ ఇన్‌బాక్సులో వాలుతుందా, స్పామ్‌లో పడుతుందా అన్నది చాలావరకు పంపేవారి నడవడిని బట్టి ఉంటుంది. జీమెయిల్, యాహూ, ఔట్‌లుక్ వంటి సేవలు ప్రతి డొమైనుకూ, అంటే చిరునామాలో @ తర్వాత ఉండే పేరుకూ, ఒక పరపతి లెక్క రాసుకుంటాయి. ఎన్నాళ్లుగా పంపుతున్నారు, ఎంతమంది తెరుస్తున్నారు, ఎంతమంది చిరాకుపడి స్పామ్ బటన్ నొక్కుతున్నారు, ఎన్ని మెయిళ్లు లేని చిరునామాలకు వెళ్లి తిరిగొస్తున్నాయి... ఇవన్నీ ఆ లెక్కలో జమ అవుతాయి. పాత డొమైనుకు మీరు ఏళ్ల తరబడి కూడబెట్టిన ఆ పరపతి కొత్త డొమైనుకు దానంతటదే బదిలీ కాదు. అప్పు కోసం వచ్చినవాడి పూర్వాపరాలు చూడకుండా పైసా ఇవ్వని మీకు ఇది విడమరచి చెప్పాలా?

డొమైను మార్చాలన్న నిర్ణయంలో లోపమేమీ లేదు. 2025 ఫిబ్రవరి 7న ద్రవ్య పరపతి విధాన ప్రకటనతో పాటే రిజర్వు బ్యాంకు గవర్నర్ సంజయ్ మల్హోత్రా దీన్నీ ప్రకటించారు. దేశంలోని బ్యాంకులకు 'బ్యాంక్ డాట్ ఇన్' అని ప్రత్యేక చిరునామా ఉంటుందని, బ్యాంకు కానివారికి అది దొరకదని చెప్పారు. ఏప్రిల్ 22న ఉత్తర్వు వచ్చింది. అక్టోబరు 31లోగా అందరూ మారాలన్నది గడువు. వాణిజ్య బ్యాంకులతో పాటు గ్రామీణ బ్యాంకులు, పట్టణ సహకార బ్యాంకులు, జిల్లా కేంద్ర సహకార బ్యాంకులు అన్నీ అందులో ఉన్నాయి. ఆ పేర్లు నమోదు చేసే ఏకైక సంస్థ మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ, రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పినది. దొంగ వెబ్‌సైట్లతో జనాన్ని ముంచేవారికి అడ్డుకట్ట వేయడానికి ఇది మంచి ఏర్పాటే. బ్యాంకు ముసుగు వేసుకునే ప్రతివాడికీ ఆ చివరి రెండు ముక్కలు దొరకవు.

అయితే ఆ చివరి ముక్కలు మీరు నిజమైన బ్యాంకు అని మాత్రమే చెబుతాయి. మీ మెయిల్ సర్వరు సరిగా ఉందని గాని, మీ చిరునామాల జాబితా శుభ్రంగా ఉందని గాని చెప్పవు. తోక అందరికీ ఒకటే అయినా దాని ముందున్న పేరు ఎవరిది వారిదే. ఆ పేరు మంచిచెడ్డలు కూడా ఎవరివి వారివే. ఎదుటివారి సర్వరుకు మీరు నిన్నమొన్న పుట్టిన డొమైను. మోసగాళ్లు కూడా కొత్త డొమైన్లే కొంటారు. రెండు రోజులు వాడుకుని పారేస్తారు. అందుకే కొత్తదంటే అందరికీ అనుమానం. స్పామ్ మీద నిఘా పెట్టే స్పామ్‌హాస్ సంస్థ మొదటిసారి కంటపడిన డొమైన్లను 24 గంటలపాటు విడిగా ఒక జాబితాలో పెడుతుంది. వాటికి పరపతి సున్నా అని ఆ జాబితా పేరే చెబుతుంది. ఆ రోజు గడిచాక కూడా పరపతి సున్నా నుంచే మొదలవుతుంది.

మన డెల్టాలో బ్యాంకు పేరు మారడం కొత్త కాదు. ఇప్పటి ఏలూరు జిల్లా గుండుగొలనులో పుట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. రాజమండ్రి కేంద్రంగా నడిచిన గోదావరి గ్రామీణ బ్యాంకు 2006లో చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకైంది. 2025 మే 1న మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకైంది. అంటే ఒకే పాస్‌బుక్కు మీద ఇరవై ఏళ్లలో మూడు పేర్లు. మూడో పేరు పడ్డ ఏడాదే డొమైన్లు మార్చుకోమన్న గడువూ వచ్చింది. అయినా జనం భయపడి డిపాజిట్లు తీసేసుకోలేదు. ఎందుకు తీసుకోలేదంటే భవనం అదే, మేనేజరు అదే, లాకరు తాళమూ అదే. రాజమండ్రిలో ఆర్యాపురం, ఇన్నీసుపేట, జాంపేట అని పేటపేటకో సహకార బ్యాంకు నిలబడిందంటే ఆ పేటల్లో మనుషులకు మనుషులు తెలిసి ఉండడం వల్లే. మీకు ఆ అలవాటు బలంగా ఉంది. బోర్డు మారినా జనం గుర్తు పడతారులే అని ధీమా. జీమెయిల్ సర్వరు ఏనాడూ జాంపేట సెంటర్లో నిలబడలేదు. దానికి మీ చైర్మన్ గారి తాతగారు ఎవరో తెలియదు.

దానికి తెలిసేవి మూడు కాగితాలు. మొదటిది ఎస్‌పీఎఫ్. మీ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో మీరే బహిరంగంగా ప్రకటించే జాబితా ఇది. రెండోది డీకిమ్. ప్రతి మెయిల్ మీద మీ సర్వరు వేసే డిజిటల్ ముద్ర. దారిలో ఎవరైనా అక్షరం మార్చితే ముద్ర చెల్లదు. మూడోది డీమార్క్. మొదటి రెండూ తప్పిన మెయిల్ మా పేరుతో వస్తే ఏం చేయాలో ఎదుటి సర్వరుకు మీరిచ్చే ఆదేశం. ఊరికే చూసి మాకు నివేదిక పంపండి అనవచ్చు, స్పామ్‌లో వేయండి అనవచ్చు, గుమ్మంలోనే తిప్పికొట్టండి అనవచ్చు. మీ డొమైను కోసం వీటిలో ఏది ఎంచుకున్నారు? మొదటిది ఎంచుకుని అక్కడే ఆగిపోయి ఉంటే, మీ పేరుతో ఎవడు మెయిల్ పంపినా ఆపమని మీరు ఎవరికీ చెప్పనట్టే.

ఇది ఎవరో ఇచ్చిన ఉచిత సలహా కూడా కాదు. పట్టణ సహకార బ్యాంకుల సైబర్ భద్రత మీద 2019 డిసెంబరు 31న రిజర్వు బ్యాంకు ఇచ్చిన నియమావళిలోనే బ్యాంకుకు సొంత మెయిల్ డొమైను ఉండాలని, డీమార్క్ అమలు కావాలని ఉంది. ఆ తర్వాత ఎన్ని మహాజన సభలు జరిగాయి? ఒక్క సభలోనైనా ఈ మాట చర్చకు వచ్చిందా?

చిన్న బ్యాంకుల్లో తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటి ఇక్కడ విప్పి చెప్పాలి. స్టేట్‌మెంట్లు పంపేది మీరు కాదు, మీ సాఫ్ట్‌వేర్ కంపెనీ. వారి సర్వరు మెయిల్ పంపుతుంది, వారి పేరు మీద ముద్ర వేస్తుంది, పంపినవారు అన్నచోట మాత్రం మీ పేరు పెడుతుంది. ఎస్‌పీఎఫ్ పాసవుతుంది, డీకిమ్ పాసవుతుంది, అయినా డీమార్క్ తప్పుతుంది. పాసైంది కంపెనీ పేరు, పైకి కనిపిస్తున్నది మీ పేరు, రెండూ కలవకపోవడమే కారణం. దీని మందు తేలికే. మీ డొమైను పేరుతో ముద్ర వేసేలా ఒక తాళంచెవి తయారు చేసి, దాని బహిరంగ భాగాన్ని మీ డొమైను వివరాల్లో చేర్చాలి. ఒక పూట పని. మీరు అడగందే కంపెనీ ఆ పని నెత్తినెత్తుకోదు. మీ డొమైను తలుపు మీ అనుమతి లేకుండా తెరవడం దానికి చేతకాదు కూడా. "అవన్నీ వాళ్లు చూసుకుంటారండీ" అనేది ఈ ఒక్క విషయంలో అస్సలు కుదరని మాట.

గూగుల్, యాహూ కొత్త నిబంధనలను 2023 అక్టోబరులో ప్రకటించి 2024 ఫిబ్రవరి నుంచి అమలు చేస్తున్నాయి. మైక్రోసాఫ్ట్ 2025 మే 5 నుంచి అదే బాట పట్టింది. గూగుల్, మైక్రోసాఫ్ట్ లెక్కలో రోజుకు 5,000, అంతకు మించి మెయిళ్లు పంపేవారికి పై మూడు కాగితాలూ తప్పనిసరి. "మావి అన్ని ఉండవు" అని మీరనవచ్చు. మామూలు రోజుల్లో ఉండవు, నిజమే. మార్చి 31 దాటాక స్టేట్‌మెంట్లన్నీ ఒక్క రాత్రి బయల్దేరే రోజు సంగతి? జీమెయిల్ ఖాతాలకు ఒక్కరోజు ఆ సంఖ్య చేరినా ఆ డొమైనును గూగుల్ శాశ్వతంగా పెద్ద పంపకందారుల పద్దులో రాసేస్తుంది. మర్నాడు పది మెయిళ్లే పంపినా ఆ పద్దు నుంచి పేరు కొట్టివేయరు. పైగా ఎస్‌పీఎఫ్ గాని డీకిమ్ గాని ఏదో ఒకటైనా ఉండాలన్న నియమం పది మెయిళ్లు పంపేవారికి కూడా వర్తిస్తుంది.

కాగితాలు సరిగ్గా ఉన్నాయంటే మీరు మీరేనని రుజువైంది, అంతవరకే. మంచివారని రుజువు కావడానికి కాలం పడుతుంది. అసలు తొందరపాటు జరుగుతున్నది ఇక్కడే. కొత్త డొమైను వచ్చిన సంబరంలో "మా చిరునామా మారింది" అని ఖాతాదారులందరికీ ఒకే రోజు మెయిల్ కొట్టాలన్న ఉబలాటం సహజమే. ఎదుటి సర్వరుకు మాత్రం నిన్నటిదాకా ఉనికి లేని డొమైను ఈరోజు వేలకు వేలు గుమ్మరిస్తున్నట్టు కనిపిస్తుంది. కడియం నర్సరీల్లో షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్కను తెచ్చి ఒక్కసారిగా నడి ఎండలో పెట్టరు. కొన్నాళ్లు అరనీడలో ఉంచి, నీళ్లు తగ్గించి, కాండం గట్టిపడ్డాకే లారీ ఎక్కిస్తారు. కొత్త డొమైనుతో చేయాల్సింది కూడా అదే. మొదటి వారం సిబ్బందికి, డైరెక్టర్లకు, మెయిల్ వస్తే తెరిచి జవాబిచ్చే ఖాతాదారులకు మాత్రమే పంపాలి. తర్వాత ఈ నెలలో లావాదేవీ చేసినవారికి. ఆ తర్వాతే మిగతావారికి, అదీ రోజుకు కొంత చొప్పున పెంచుకుంటూ. పంపే సంఖ్యను ఒక్కసారిగా రెట్టింపు చేస్తే మెయిళ్లు నిలిచిపోవచ్చని, పరపతి పడిపోవచ్చని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే రాసిపెట్టింది. మూడు నెలలు మౌనంగా ఉండి ఒక్కరోజు కుమ్మరించే అలవాటు కూడా చెరుపే చేస్తుంది. స్టేట్‌మెంట్లను ఖాతా నంబరు చివరి అంకెను బట్టి పదిరోజుల మీద పంచి పంపడానికి అడ్డేమిటి?

ఇక ఫిర్యాదుల లెక్క. మీ మెయిళ్లు అందుకున్నవారిలో స్పామ్ బటన్ నొక్కేవారు 0.1 శాతం లోపు ఉండాలని గూగుల్ అంటుంది. 0.3 శాతానికి చేరకూడదన్నది గీత. అంటే వెయ్యి మందిలో ముగ్గురు. ఐదు వేల మందికి పంపితే పదిహేను మంది విసుక్కుంటే చాలు, మిగతా 4,985 మందికి వెళ్లాల్సిన రేపటి స్టేట్‌మెంట్ దారి తప్పవచ్చు. మరి ఆ పదిహేను మందికి విసుగు తెప్పించేదేమిటి? సంక్రాంతి బంగారు రుణమేళా, బీమా పాలసీ, క్రెడిట్ కార్డు ప్రకటన, చైర్మన్ గారి పుట్టినరోజు శుభాకాంక్షలు! వీటిని, ఖాతాలో డబ్బు పోయిందని చెప్పే హెచ్చరికను ఒకే చిరునామా నుంచి పంపితే రెండింటి గతీ ఒకటే అవుతుంది. ప్రకటనలకు విడిగా ఒక ఉపడొమైను పెట్టండి. వద్దన్నవారు ఒక్క నొక్కుతో బయటపడే బటన్ పెట్టండి. వద్దన్న రెండు రోజుల్లో ఆపండి. ఈ బటన్, ఈ రెండు రోజుల గడువు కూడా గూగుల్ నిబంధనల్లోవే.

చిరునామాల జాబితా సంగతి మరీ దయనీయం. ఖాతా తెరిచిన రోజున ఫారంలో ఈమెయిల్ గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ ముందుకు కదలదు. అప్పుడు అక్కడ ఏం పడిందో మీకూ తెలుసు. ఫారం నింపిన జిరాక్స్ షాపు కుర్రాడి మెయిల్, లేదా బ్రాంచి సిబ్బంది మెయిల్, అదీ కాకపోతే ఏవో నాలుగక్షరాలు. ఒకే మెయిల్ చిరునామా మీ దగ్గర ఎన్ని ఖాతాలకు అతుక్కుని ఉందో ఒక్కసారైనా లెక్క తీయించారా? లేని చిరునామాకు పదేపదే పంపేవారిని ఎదుటి సర్వర్లు జాబితా కొనుక్కొచ్చిన స్పామర్ల కింద జమకడతాయి. ఇక ఒకరి స్టేట్‌మెంట్ మరొకరి ఫోనుకు వెళ్లడం పరపతిని మించిన ముప్పు. పాత జాబితాను యథాతథంగా కొత్త డొమైనుకు మోసుకెళ్లడమంటే ఆ పాపాలన్నీ మొదటి రోజే దాని నెత్తిన పెట్టడం.

ఇదంతా సాంకేతిక వ్యవహారం, జనానికేం పట్టింది అంటారేమో.

అనధికార ఎలక్ట్రానిక్ లావాదేవీల మీద 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వును మరోసారి తీసి చదవండి. అదే ఏడాది డిసెంబరులో సహకార బ్యాంకులకు కూడా అలాంటిదే వచ్చింది. బ్యాంకు తప్పూ ఖాతాదారు తప్పూ లేకుండా మూడోవాడి వల్ల ఖాతాలో డబ్బు పోతే, బ్యాంకు నుంచి కబురు అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసిన ఖాతాదారుకు ఒక్క పైసా నష్టం ఉండకూడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే కొంత భారం పడుతుంది. ఏడు దాటితే మీ పాలకవర్గం పెట్టుకున్న విధానమే దిక్కు. అంటే గడియారం కబురు అందిన నాటి నుంచి తిరుగుతుంది. మెసేజ్ ఎప్పుడు చేరిందో తేదీ, సమయం మీ వ్యవస్థ నమోదు చేయాలని కూడా అందులో ఉంది. అసలు మెలిక ఇక్కడుంది. ఎదుటి సర్వరు మెయిల్ తీసుకుని ఇన్‌బాక్సులో పెట్టినా, స్పామ్‌లో పెట్టినా మీ రికార్డులో పడేది ఒకే ముక్క: చేరింది. ఖాతాదారు కంటపడని హెచ్చరికకు మీ దగ్గర రుజువు ఉంటుంది. రేపు అమలాపురం నుంచి ఒక పెద్దావిడ వచ్చి, "నాకు తెలియలేదు నాయనా, తొమ్మిదో రోజున పాస్‌బుక్ వేయించుకుంటే తెలిసింది" అంటే ఆమె ముందు ఆ రికార్డు పెడతారా? జీమెయిల్ స్పామ్‌లో ఉన్నదాన్ని 30 రోజులకు తుడిచేస్తుందని, నెల దాటాక ఆమె దగ్గర రుజువు కూడా మిగలదని ఆమెకు ఎవరు చెప్పాలి?

అదే ఉత్తర్వులో ఇంకో మాట ఉంది. హెచ్చరిక అందిన ఖాతాదారు ఆ ఎస్ఎంఎస్‌కే, ఆ మెయిల్‌కే వెంటనే జవాబిచ్చి అభ్యంతరం చెప్పగలగాలి, వేరే వెబ్ పేజీ కోసమో మెయిల్ చిరునామా కోసమో వెతుక్కునే పని ఉండకూడదు. మరి మీ మెయిళ్ల కింద "దీనికి జవాబు ఇవ్వకండి" అన్న వాక్యం ఏం చేస్తున్నట్టు? చిత్రమేమంటే, ఖాతాదారు ఇచ్చే జవాబు మీ డొమైనుకు దొరికే మంచి సాక్ష్యాల్లో ఒకటి. ఇద్దరి మధ్య మాటలు నడుస్తున్నాయంటే ఎదుటి సర్వరుకు నమ్మకం పెరుగుతుంది. అటు నియమాన్ని, ఇటు సొంత ప్రయోజనాన్ని ఒకే వాక్యంతో కాదనుకుంటున్నారు.

కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి కువైట్‌కు, దుబాయ్‌కు వెళ్లినవారు ఎందరో మీ ఖాతాదారులే. అక్కడ చేరిన కొన్నాళ్లకు ఇక్కడి సిమ్ రీచార్జి లేక మూలపడుతుంది. ఎస్ఎంఎస్ అందదు. బ్యాంకుకూ వారికీ మధ్య మిగిలేది మెయిల్ ఒక్కటే. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు నెల జీతం పంపి, "పడిందా" అని ఫోనులో చూసుకుంటారు. కేవైసీ గడువు వచ్చిందని మెయిల్ స్పామ్‌లో పడి, ఖాతా ఆగిపోయి, సెలవు మీద ఊరొచ్చినప్పుడు ఆ సంగతి తెలిస్తే ఆ ఆగిపోయిన డబ్బు ఎవరి పిల్లల ఫీజు? కేవైసీ గడువుకు ముందు కనీసం మూడుసార్లు తెలియజేయాలని, అందులో ఒక్కటైనా ఉత్తరం రూపంలో ఉండాలని 2025 జూన్ 12న రిజర్వు బ్యాంకు చెప్పింది. మిగిలిన రెండింటినీ స్పామ్‌లోకి పంపేసి మూడూ పంపామని టిక్కు పెట్టుకుంటే సరిపోతుందా?

ఇక స్పామ్‌లో చూసుకోండి అన్న ఆ సలహా. దాని వల్ల లాభమే లేదనడం సరికాదు. ఖాతాదారు మీ మెయిల్‌ను అక్కడినుంచి బయటికి తీసి 'స్పామ్ కాదు' అని నొక్కితే మీ డొమైనుకు మేలు జరుగుతుంది. కానీ ఆయనను మీరు పంపిస్తున్నది ఎక్కడికి? "మీ ఖాతా ఈ రాత్రితో ఆగిపోతుంది", "పాన్ జత చేయండి", "రివార్డు పాయింట్లు మురిగిపోతున్నాయి" అని మోసగాళ్లు పంపినవన్నీ పోగుపడే చోటికి. స్పామ్ పెట్టె ఉన్నదే ఆ చెత్తను జనం కంటికి దూరంగా ఉంచడానికి. అందులో చేయి పెట్టి, నాలుగు నకిలీల మధ్య మీ అసలు మెయిల్‌ను ఏరుకోవడం అరవై ఏళ్ల రైతుకు నేర్పాల్సిన విద్యా? ఫోనులో జీమెయిల్ తెరిస్తే మెయిల్ పంపినవారి పేరు మాత్రమే పైకి కనిపిస్తుంది, చిరునామా చూడాలంటే మళ్లీ నొక్కాలి. ఆ పేరు ఎవరు ఏదైనా పెట్టుకోవచ్చు. మీరు బ్యాంక్ డాట్ ఇన్ తెచ్చుకున్నది మోసాలు తగ్గడానికి. మీ గుమాస్తా నోట వచ్చే సలహా జనాన్ని మోసాల గుట్టలోకే దారి చూపుతోంది. డబ్బు పోయాక సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని పోస్టరు అంటించడం వేరు, పోకుండా చూడడం వేరు.

మెయిల్ మార్చుకున్నవారు మీరొక్కరే కాదు. కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగుల మెయిళ్లు, దాదాపు 12 లక్షల ఖాతాలు, జాతీయ సమాచార కేంద్రం (ఎన్ఐసీ) నుంచి జోహో కంపెనీ వేదికకు మార్చినట్టు 2025 అక్టోబరులో వార్తలొచ్చాయి. అక్కడ సర్వర్లు మారాయి గాని చిరునామాల చివర ఉన్న పేర్లు మారలేదు. కాబట్టి ఆ పేర్లు ఏళ్లుగా సంపాదించుకున్నది వాటితోనే ఉంది. మీకు ఆ వెసులుబాటు లేదు. బ్యాంకుల కోసం 2015లో తెరిచిన 'డాట్ బ్యాంక్' పేర్ల విషయంలో మెయిల్ ధ్రువీకరణ లేనిదే ఆ పేరు వాడుకోనివ్వరు. ఇక్కడ ఆ కచ్చితత్వం చూపాల్సిన బాధ్యత పాలకవర్గాలదే. 

పాత డొమైను గురించి ఒక్క మాట. కొత్తది వచ్చింది కదా, పాతదానికి ఏటేటా డబ్బెందుకని కొందరికి అనిపించవచ్చు. దయచేసి వదిలేయకండి. మీరు వదిలేసిన పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్నవాడికి మీ ఖాతాదారులు అలవాటు కొద్దీ ఆ పాత చిరునామాకు పంపే మెయిళ్లన్నీ అందుతాయి. మీరు ఏళ్లుగా నిలబెట్టుకున్న పేరు మీద వాడు మెయిల్ పంపగలడు. పాత డొమైనును రెన్యువల్ చేస్తూనే ఉండండి. అది ఇక మెయిల్ పంపదని ఎస్‌పీఎఫ్‌లో రాయండి, దాని పేరుతో వచ్చినవన్నీ తిప్పికొట్టమని డీమార్క్‌లో చెప్పండి.

సిబ్బంది లేరు, చిన్న బ్యాంకులం, ఇంత చేయలేం అంటారా? ఈ పనుల్లో ఖరీదైనది ఏదో చెప్పండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులకు ఎవరూ రుసుము తీసుకోరు. జీమెయిల్‌కు వెళ్లే మీ మెయిళ్ల మీద ఫిర్యాదుల శాతం ఎంతో చూపించే పోస్ట్‌మాస్టర్ టూల్స్‌ను గూగుల్ ఉచితంగానే ఇస్తుంది. జాబితా సరిచేయడానికి బ్రాంచికి వచ్చినవారిని "మీ మెయిల్ ఇదేనా అండీ" అని అడిగితే చాలు. బంగారం తూచేటప్పుడు వీసమెత్తు తేడా రానివ్వని బ్రాంచీలవి. ఇది మాత్రం చేతకాదంటే నమ్మడం కష్టం.

ఈసారి మహాజన సభ ఎజెండాలో ఒక అంశం చేర్చండి. కొత్త డొమైనుకు డీమార్క్ ఏ దశలో ఉంది, తిప్పికొట్టమనే దశకు ఏ తేదీకి వెళతారు అన్నది చదివి వినిపించండి. గత మూడు నెలల్లో వెనక్కి వచ్చిన మెయిళ్లెన్ని, ఫిర్యాదుల శాతం ఎంత, ఒకే మెయిల్‌కు అతికిన ఖాతాలెన్ని అన్న మూడు అంకెలు వార్షిక నివేదికలో అచ్చువేయండి. మెయిల్ అందలేదని ఫిర్యాదు చేసిన ఖాతాదారు విషయంలో మూడు రోజుల గడువు ఎక్కడి నుంచి లెక్కిస్తారో పాలకవర్గం తీర్మానం చేసి, తెలుగులో, ప్రతి బ్రాంచి నోటీసు బోర్డు మీద పెట్టాలి. హెచ్చరిక మెయిళ్ల కింద జవాబు వద్దన్న వాక్యాన్ని తీసేసి, వచ్చే జవాబులు చదివే ఉద్యోగి ఎవరో బ్రాంచీలకు తెలియజేయాలి.

ఇట్లు
గోదావరి జిల్లాల ఖాతాదారుల తరఫున